స్థలం తప్పా, కట్టడం తప్పా? నది ఒడ్డున ఇల్లున్న పాఠకురాలికి సమాధానం

హైదరాబాదులో మూసీ ఒడ్డున కాపురం ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కాలనీ బయటపెట్టవద్దన్నారు. అవి వదిలేసి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

2010లో ఆమె భర్త తన మేనమామ దగ్గర 120 గజాల స్థలం కొన్నారు. అత్తగారి ఉద్యోగ విరమణ డబ్బు చాలావరకు అందులోకే పోయింది. రిజిస్ట్రేషన్ అయింది. మరుసటి ఏడు కింద ఇల్లు కట్టారు, కొన్నాళ్లకు పైన ఇంకో వాటా వేశారు. దేనికీ అనుమతి లేదు. ‘ఈ వరుసలో ఎవరు తీసుకున్నారు, మనం తీసుకోవడానికి’ అన్నారట మేనమామ. ఇంటి పన్ను కడుతున్నారు, కరెంటు మీటరుంది, నల్లా ఉంది. ఇంటి వెనక నది వైపు రేకుల షెడ్డు వేసుకుని, కుట్టుమిషన్లు పెట్టుకుని ఈమె నలుగురికి పని ఇస్తున్నారు. పై వాటాలో ఒక కుటుంబం అద్దెకు ఉంది. 2020 అక్టోబరు వరదకు షెడ్డు మునిగి, నీళ్లు ఇంటి మెట్ల దాకా వచ్చాయి. 2025 సెప్టెంబరులో షెడ్డులోకి మళ్లీ వచ్చాయి.

2024లో మూసీ నదీ తీర పథకం సర్వేకు వచ్చినవారు గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేసి వెళ్లారు. తర్వాత చాలాకాలం చడీచప్పుడు లేదు. ఇప్పుడు అధికారులు ‘ఖాళీ చేస్తే డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి’ అంటున్నారు. కాలనీ కమిటీ హైకోర్టులో కేసు వేస్తామని ఇంటికింత అని వసూలు చేస్తోంది. ఈ లోపల ఒక బ్రోకరు కొనేవాడిని తెచ్చాడు. నోటరీ కాగితం, జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) మీద బేరం. భర్త బయానా తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ సంగతి అత్తగారికి ఇంకా తెలియదు. ఆమె ‘నా డబ్బుతో కొన్న ఇల్లు, నేను కదలను, నది ఒడ్డు ఎవరిదీ కాని జాగా’ అంటున్నారు. మేనమామను నిలదీద్దామంటే భర్త మండిపడుతున్నారు. ‘అమ్మాలా, కేసు వేయాలా, ఖాళీ చేయాలా? ఇంట్లో ముగ్గురం మూడు దారులు పట్టాం. రాత్రి జేసీబీ చప్పుడు వినిపించినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాను’ అని ముగించారు.

అమ్మా, అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆ బయానా సంగతి. అది తీసుకున్నాక మిగతా దారులన్నీ ఇరుకైపోతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

గోడ మీద గుర్తుకు సున్నం వేయించి అమ్మితే మీ కష్టం మరొకరికి అంటగట్టినట్టే అవుతుంది. అది మీకూ తెలుసు, మీ ఉత్తరంలో ఆ బాధ కనిపిస్తూనే ఉంది. ధర్మం మాట పక్కన పెట్టినా చట్టం ఊరుకోదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా ఆస్తిలోగానీ హక్కులోగానీ ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. దాచి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు పెట్టవచ్చు. ఇక జీపీఏ, నోటరీ కాగితాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అంటే కొన్నవాడికి హక్కు రాదు, మీ వారికి బాధ్యత పోదు. రేపు ఇల్లు కూలితే అతను వచ్చేది మీ వారి దగ్గరికే. అప్పటికి బ్రోకరు కమిషను తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. ఉన్నదంతా చెప్పి అమ్మవచ్చు కదా అంటారా? చెప్పాక కొనేవాడు దొరికితే, స్థలం నిజంగా పట్టా అయితే, రిజిస్టరు దస్తావేజుతో అమ్మవచ్చు. ధర బాగా తగ్గుతుంది. కానీ స్థలం పట్టానో కాదో ఇంకా మీకే తెలియదు. అది తెలియకుండా ఏమని చెప్పి అమ్ముతారు?

అసలు చిక్కు అక్కడే ఉంది. మీ ఉత్తరంలో రెండు వేరువేరు తప్పులు ఒకటిగా కలిసిపోయాయి. అనుమతి లేకుండా కట్టడం ఒక తప్పు. కట్టకూడని చోట కట్టడం ఇంకో తప్పు. మొదటిదానికి ప్రభుత్వాలు అప్పుడప్పుడు మార్గం చూపించాయి, జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు పెట్టాయి. 2015లో భవనాలకు అలాంటిది వచ్చి కోర్టు వివాదాల్లో పడింది. 2020లో లేఅవుట్లకు వచ్చింది. ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు వేసుకున్నవారికి 2014లో 58, 59 జీవోలు వచ్చాయి. వీటన్నిటిలోనూ చెరువు, నది, నాలా స్థలాలకు చోటివ్వలేదు. రెండో తప్పుకు క్రమబద్ధీకరణ లేదు. ఏదో ఒక ఎన్నికల ముందు వస్తుందని మీ కాలనీలో ఎవరైనా చెబితే, దాని మీద ఇల్లు నిలబెట్టుకోకండి.

పన్ను రసీదులు, కరెంటు బిల్లులు గురించి కూడా చెప్పాలి. మీరు అక్కడ నివాసం ఉన్నారనడానికి అవి బలమైన రుజువులు. పునరావాసం అడిగేటప్పుడు అవే మీకు ఆధారం, ప్లాస్టిక్ కవరులో జాగ్రత్త చేయండి. కానీ స్థలం మీదనడానికిగానీ కట్టడం సక్రమమనడానికిగానీ పనికిరావు. మీ పన్ను బిల్లు ఒకసారి తీసి చూడండి. అక్రమ నిర్మాణానికి జరిమానా అని ఒక వరుస వేరుగా ఉంటే, అన్నేళ్లుగా మీరు కడుతున్నది సక్రమమైన ఇంటి పన్ను కాదన్నమాట. ఎన్నేళ్లు ఊరుకున్నారు, ఎంత పెట్టుబడి పెట్టారు అన్నవి అక్రమ కట్టడాన్ని సక్రమం చేయవని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది.

ఇప్పుడు స్థలం సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మీరు దస్తావేజు నుంచి ఎత్తి రాసిన నాలుగు హద్దులు. ఉత్తరం, పడమర పక్క ప్లాట్లు, దక్షిణం 20 అడుగుల దారి, తూర్పు ‘ప్రభుత్వ భూమి’. తూర్పున ఉన్నది నది. అంటే అమ్మినాయనకు తన స్థలం ఎక్కడ ఆగిపోతుందో, ప్రభుత్వానిది ఎక్కడ మొదలవుతుందో తెలుసు. తెలిసే రాయించారు. కొన్నది 120 గజాలు. ఇల్లు కట్టింది ఆ 120 గజాల్లోనే అని రాశారు. మరి షెడ్డు? అది ఇంటి వెనక, తూర్పున ఉంది. మీ దస్తావేజు ప్రకారమే అది ప్రభుత్వ భూమిలో ఉంది. ఇంటి గురించి వాదించడానికి ఏదో ఉంది, షెడ్డు గురించి ఏమీ లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టి వాదిస్తే ఇంటి వాదన కూడా బలహీనపడుతుంది. కుట్టుపని మీ ఇంటికి అన్నం పెడుతోందని తెలుసు. అయినా వానాకాలం లోపల మిషన్లను ముందు గదిలోకో, దగ్గర్లో అద్దె గదిలోకో మార్చి షెడ్డు మీరే తీసేయడం మంచిదని నా అభిప్రాయం. ఆక్రమించినదాన్ని మీ అంతట మీరు వదులుకున్నారన్న మాట ఏ అధికారి ముందైనా, ఏ కోర్టులోనైనా మీకు మేలే చేస్తుంది. పైగా ఆ షెడ్డులోకి నీళ్లు రెండుసార్లు వచ్చాయి. వచ్చినప్పుడు మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లు లోపల ఉంటే?

ఇంటి కింద నేల పట్టాదా, నదిదా అన్నది కాగితాల్లో వెతకాలి. మీ దగ్గరున్న లింకు డాక్యుమెంటు (మీకన్నా ముందు కొన్నవారి పాత దస్తావేజు) ఒక్క జిరాక్సు ప్రతి అన్నారు, అది చాలదు. సర్వే నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. ఆ నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా అయిన 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. రెవెన్యూ వాళ్ల దగ్గర పాత భూమి రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, గ్రామ నక్షా నకళ్లు అడగండి. నగరం లోపలైతే టౌన్ సర్వే రిజిస్టరు కూడా అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఖాస్రా పహాణీలో ఆ నంబరు పట్టాదారు పేరున ఉండి, మీ వారి మేనమామగారి దాకా గొలుసు తెగకుండా వస్తే ఒక రకం. నది అనో, ప్రభుత్వ భూమి అనో ఉంటే వేరే రకం.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పట్టా అని తేలినా ఇల్లు సక్రమం అయిపోదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 168వ జీవో అంటారు దాన్ని, పురపాలక హద్దుల్లో నది అంచు నుంచి 50 మీటర్ల లోపల కట్టడాలు కూడవు. హద్దుల బయట అది 100 మీటర్లు. దీనినే బఫర్ అంటున్నారు. తూర్పు హద్దులోనే నది ఉన్న మీ ఇల్లు 50 మీటర్ల లోపలే ఉంటుంది. మీరు కట్టింది అంతకు ముందు ఏడే కదా అంటారేమో. అనుమతి తీసుకుని ఉంటే ఆ వాదన నిలిచేది. అనుమతి లేని ఇంటికి ముందు వెనకల లెక్క పెద్దగా అక్కరకు రాదు. అయితే బఫర్‌లోని పట్టా భూమి పట్టాదారుదే. కట్టుకునే వీలు ఉండదు, యాజమాన్యం మాత్రం పోదు. నదీ తీర పథకం కోసం ఆ నేల తీసుకోవాలంటే ప్రభుత్వం చట్టప్రకారం సేకరించి పరిహారం ఇవ్వాలి, లేదా మీ ఒప్పుదలతో టీడీఆర్ (ఇచ్చిన నేలకు బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) లాంటిది ఇవ్వాలి. నది భూమి అయితే నేలకు పరిహారం ఉండదు, అడగగలిగింది పునరావాసం. ఒకే వరుసలో పక్కపక్కన ఉన్న రెండు ఇళ్లకు ఈ తేడా ఉండవచ్చు.

అదే జీవోలో ఇంకో అంశం ఉంది. నది హద్దును నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ ఖరారు చేసి ధ్రువీకరించాలి. మీ గోడ మీది ఎర్ర గుర్తు ఏ పటం ఆధారంగా వేశారు, ఆ పటాన్ని ఈ రెండు శాఖలూ ధ్రువీకరించాయా అని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. జవాబు వచ్చేదాకా నోటి మాటలకు భయపడి సంతకాలు పెట్టకండి.

నోటీసు గురించి మీ కాలనీ ఫోన్లలో తిరుగుతున్న సందేశాన్ని కూడా మీరు పంపారు: ‘15 రోజుల నోటీసు ఇవ్వకుండా ఎవరూ ఇల్లు కూల్చలేరు, సుప్రీంకోర్టు తీర్పు’. 2024 నవంబరు 13న అలాంటి తీర్పు వచ్చిన మాట నిజమే. అందులోనే, రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, జలవనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని కూడా రాశారు. సందేశం రాసినవారు ఆ సగం వదిలేశారు. మీ షెడ్డుకు ఆ రక్షణ లేదనే అనుకోండి. ఇంటి విషయంలో, స్థలం నదిది కాదని చూపే కాగితం మీ చేతిలో ఉంటేనే ఆ తీర్పును గట్టిగా పట్టుకోగలరు. ప్రభుత్వ భూమి అనే అంటే, 1905 నాటి భూ ఆక్రమణ చట్టం 7వ సెక్షన్ కింద ముందు సంజాయిషీ నోటీసు ఇచ్చి తర్వాతే ఖాళీ చేయించాలన్న వాదన ఒకటుంది. ఏ నోటీసు వచ్చినా తీసుకోండి. వద్దని తిప్పి పంపితే గోడకు అంటించి వెళతారు, గడువు మాత్రం నడిచిపోతుంది.

కమిటీ కేసులో చేరాలా అన్నారు. చేరితే ఖర్చు తగ్గుతుంది, నలుగురు తోడుంటారన్న ధైర్యం ఉంటుంది. నష్టం ఏమిటంటే, పట్టా ఉన్నవారు, నది గర్భంలో గుడిసె వేసుకున్నవారు, నోటరీ కాగితం మీద కొన్నవారు ఒకే పిటిషనులో ఉంటే అందరిలోకీ బలహీనమైన వాదన మీద ప్రభుత్వ న్యాయవాది దృష్టి పెడతారు. మీ కాగితాలు బాగున్నాయని తేలితే విడిగా పిటిషను వేసుకోవడమే నయం. బాగా లేకపోతే అందరితో కలిసి పునరావాసం కోసం అడగడంలో తప్పు లేదు. ఎలా చేరినా అసలు దస్తావేజు కమిటీ చేతికి ఇవ్వకండి, సర్టిఫైడ్ కాపీ చాలు. న్యాయవాది ఎవరో, పిటిషనులో ఏం అడుగుతున్నారో చదివించుకుని వకాలత్ (న్యాయవాదికి మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకం చేయండి. స్టే వస్తే వేడుక చేసుకునేవారు ఉంటారు. స్టేతో దొరికేది కొంత గడువు, అంతే. ఆ గడువులో కాగితాలు, వేరే ఇల్లు, డబ్బు సర్దుకోగలిగితే దానికి విలువ ఉంది. ఒక ఏడాది నిశ్చింతగా కూర్చుంటే లేదు.

‘ఇంతమందిని ఏం చేయగలరు’ అన్న ధీమా మీ కమిటీ పెద్దల మాటల్లో ఉందని రాశారు. కేరళలో కొచ్చి దగ్గర మరడులో నీటి ఒడ్డున నాలుగు అపార్టుమెంటు సముదాయాలు ఉండేవి. స్థానిక సంస్థ అనుమతులు ఉన్నాయి, కొన్నవాళ్లు నిజాయతీగా డబ్బు పెట్టారు. తీర ప్రాంత నిబంధనలకు విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది, 2020 జనవరిలో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఫ్లాటుకు 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించి, ఆ సొమ్మును కట్టినవారి నుంచి రాబట్టమన్నారు. అనుమతులున్న భవనాల గతే అది. భయపెట్టడానికి చెప్పడం లేదు. మంది ఎక్కువ ఉన్నారన్నది కోర్టులో వాదన కాదని మీరు తెలుసుకోవాలి.

డబుల్ బెడ్‌రూం ఇల్లు తీసుకోవడం ఓటమి కాదు. మీ స్థలం నదిది అని తేలితే నా మనసు ఆ దారికే మొగ్గుతుంది. అయితే సంతకం పెట్టమంటున్న కాగితం ప్రతి ముందు చేతికి తీసుకుని, ‘ఆక్రమిత ప్రభుత్వ స్థలాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటున్నాను’ వంటి వాక్యం ఉందేమో చూడండి. పట్టా అని తేలే అవకాశం ఉండగా ఆ వాక్యం కింద సంతకం చేస్తే, రేపు నేలకు పరిహారం అడిగే నోరు మీరే కట్టేసుకున్నట్టు అవుతుంది. ‘నా హక్కులకు భంగం లేకుండా’ అని రాసి ఇస్తామంటే ఒప్పుకుంటారేమో అడగండి. ఇల్లు ఎవరి పేరున ఇస్తారు, మీ పేరు కూడా ఉంటుందా, ఏ అంతస్తు, అత్తగారు మెట్లు ఎక్కగలరా, అమ్ముకునే హక్కు ఎప్పుడు వస్తుంది, ఇవన్నీ సంతకానికి ముందు అడగాల్సినవి. కుట్టుపనికి అక్కడ గిరాకీ ఎలా ఉంటుందో ఒకరోజు వెళ్లి చూసి రండి. తీసుకోకపోతే ఏమవుతుంది? కేసు నెగ్గితే మంచిదే. ఓడితే అప్పటికి ఆ ఇళ్లు మిగిలి ఉంటాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

అత్తగారి పట్టుదలను మొండితనం అనకండి. జీవితమంతా పనిచేసి కూడబెట్టింది ఆ గోడల్లో ఉంది. కానీ నది ఒడ్డు ఎవరిదీ కాని జాగా అన్న ఆమె మాట సరికాదు. 1996లో హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది అదే: నదులు ప్రజలందరివీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే, ఎవరికో రాసివ్వడానికి దానికీ హక్కు లేదు. ఈ ఊరికి అది కొత్త పాఠం కూడా కాదు. 1908లో మూసీ వేలమందిని పొట్టన పెట్టుకున్నాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి గేట్లు ఎత్తినప్పుడు ఆ నీళ్లు వచ్చేది మీ మెట్ల మీదుగానే. కోర్టు ఇచ్చే స్టే ఉత్తర్వు నీళ్లను ఆపదు. పట్టా తేలినా, కేసు నెగ్గినా, ఆ ఇంట్లో ముసలావిడను వానాకాలం ఉంచడం మంచిదా అని మీ వారిని అడగండి. ఈ ఒక్క విషయంలో కాగితాల కోసం ఆగనవసరం లేదు.

మేనమామగారి దగ్గరికి వద్దాం. మీ వారి బాధ అర్థమవుతుంది. అమ్మ తమ్ముడి మీద కేసు వేస్తే చుట్టాల్లో తలెత్తుకోలేమని. కానీ హక్కు తనదేనని, అమ్మే అధికారం తనకుందని చెప్పకపోయినా చెప్పినట్టే చట్టం లెక్కిస్తుంది. స్థలం ఆయనది కాదని తేలితే డబ్బు తిరిగి అడగవచ్చు. మోసం బయటపడిన నాటి నుంచి మామూలుగా మూడేళ్ల గడువు. 2024లో గుర్తు వేసిననాడే మీకు తెలిసిందని ఆయన తరఫువారు వాదించవచ్చు, కాబట్టి ఆ మూడేళ్లు దాటనివ్వకండి. కేసుకు ముందు ఇంట్లోనే కూర్చుని మాట్లాడండి. ‘మీ దగ్గరున్న పాత పట్టా కాగితాలు ఇవ్వండి’ అన్న దగ్గర మొదలుపెడితే మీ వారికి కూడా అభ్యంతరం ఉండదు. ఇస్తే మీ వాదన బలపడుతుంది. ఇవ్వకపోతే ఆయన దగ్గర లేవని మీ వారికే అర్థమవుతుంది. ఆపైన న్యాయవాది ద్వారా ఒక నోటీసు. ఎంతో కొంత వెనక్కి ఇస్తానంటే ఆ మాట కాగితం మీదకు తెచ్చుకోండి. నష్టపోయింది మీ అత్తగారు, ఆమెకు ఆయన తోడబుట్టినవాడు. ఆమెకు చెప్పకుండా ఈ మాటలు జరపడం నాకు సబబుగా అనిపించడం లేదు. బేరం సంగతి కూడా ఆమెకు ఇప్పుడే చెప్పండి.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేమని వెనకాడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోను చేసినా, కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా సరిపోతుంది. దస్తావేజు, ఈసీ, పన్ను బిల్లులు, గోడ మీది గుర్తుకు తేదీతో తీసిన ఫొటో పట్టుకెళ్లండి.

మీరు అడగని ఒక్క విషయం మిగిలింది. పై వాటాలో అద్దెకున్నవారికి గుర్తు సంగతి చెప్పారా? వాళ్ల పిల్లలు దగ్గరి బడిలో చదువుతున్నారని రాశారు. కేసు నడిచినా, ఖాళీ చేసినా వాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు. ఈ వారంలోనే చెప్పండి. వెళ్లిపోతామంటే అడ్వాన్సు వెంటనే తిరిగి ఇవ్వండి, ఉంటామంటే అంతా తెలిసే ఉంటున్నట్టు ఒక కాగితం రాసుకోండి. అద్దె డబ్బు ఆగిపోతే ఇబ్బందే. అయినా ఒక రాత్రి నీళ్లొచ్చి గానీ, యంత్రం వచ్చి గానీ వాళ్లు మొదటిసారి ఈ సంగతి వినే పరిస్థితి రాకూడదు.